లోపలి గదిలో రెండు చేతులు

సోమవారం

ప్రియమైన తమ్ముడికి,

అలవాటు కొద్దీ ప్రియమైన అని రాశాను. కొట్టేద్దామనుకున్నాను కానీ కాగితం పాడవుతుందని వదిలేశాను. అంతకుమించి దానికి అర్థాలు వెతక్కు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అడుగుతావు. ఫోనులో నువ్వు "అక్కా, ఒక్క నిమిషం, అక్కా" అంటూ నా మాటకి అడ్డం పడతావు. చివరికి ప్రార్థన మొదలుపెట్టి, ఆమెన్ అని పెట్టేస్తావు. ప్రార్థన మధ్యలో తిట్టలేను కదా. ఆదివారం ఎదురుగా చెబుదామంటే ఆరోజు నువ్వు పాస్టరువి, నేను సంఘస్తురాలిని. నలుగురిలో "అయ్యగారూ" అని పిలిచిన నోటితో "ఒరేయ్" అనలేను. కాగితం మీదైతే నువ్వు ఉత్త తమ్ముడివే. మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందే. మీ ఊరి బస్సు కండక్టరుకిచ్చి, నీ చేతికే ఇమ్మని మరీ చెప్పి పంపిస్తున్నాను.

నిన్న నువ్వు చేసిన పనికి నాకు ఒళ్ళంతా మండుతోంది. కొత్త మందిరం ఎక్కడ కట్టాలని సంఘాన్ని అడిగావు. మన పద్ధతి ప్రకారం అందరినీ కళ్ళు మూసుకోమన్నావు. మా పెరట్లో కట్టాలనేవాళ్ళు చెయ్యెత్తమన్నావు, తర్వాత నాలుగు రోడ్ల కూడలిలో కట్టాలనేవాళ్ళు ఎత్తమన్నావు. ముందు గదిలోనూ వసారాలోనూ నువ్వు లెక్కపెట్టావు. ఆడవాళ్ళం కూర్చున్న లోపలి గదిలో నీ భార్య లెక్కపెట్టింది. లెక్కపెట్టినవాళ్ళు ఎన్ని చేతులో చెప్పాలి, ఎవరివో చెప్పకూడదు. ఇదీ మనం పెట్టుకున్న కట్టుబాటు. కళ్ళు తెరిచేసరికి నువ్వు గొంతు సవరించుకుని "సంఘం కూడలిని కోరుకుంది" అన్నావు. ఎన్ని చేతులో చెప్పలేదు. బెంచీలకి నీలం రంగు వెయ్యాలా గోధుమ రంగు వెయ్యాలా అని అడిగినప్పుడు కూడా అంకె చెప్పినవాడివి. బెంచీల రంగుకున్న పాటి విలువ మా పెరడుకి లేకపోయిందా?

పందొమ్మిదేళ్ళ కింద నా కుట్టుమిషను చుట్టూ పదకొండు మంది కూర్చుని మొదలుపెట్టిన సంఘం ఇది. మూడో నెలకే జనం పట్టడం లేదని మీ బావ సుత్తి పట్టుకుని మధ్యగోడ పడగొట్టాడు. ఆ దుమ్ము వారం రోజులు మా అన్నంలో పడింది. ఆయన పోయిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం కూడా నేను తలుపు తీశాను. నువ్వే ప్రసంగం చేశావు, గుర్తుందో లేదో. ఇప్పుడు నూట అరవై మంది. నా మంచం మీద, మెట్ల మీద, వంటింటి గట్టు మీద కూర్చుంటున్నారు. లోపలి గదిలో ఉన్న మాకు నీ గొంతు వినిపించడమే కానీ నువ్వు కనపడవు. స్థలం చాలడం లేదని నాకు తెలీదా? అందుకే పెరడు మొత్తం రాసిస్తానన్నాను. మీ బావ పేరు ఒక్క రాయి మీద చెక్కించమని అడిగాను. అంతకన్నా ఏం కోరాను?

ఈ మందిరం నా గుమ్మం దాటి పోతే నా దగ్గర ఇంక మిషను ఒక్కటే మిగులుతుంది. అది నీకు తెలిసి కూడా గొంతు సవరించుకున్నావు చూడు, అక్కడ నాకు కాలింది.

అంకె రాసి పంపు.

నీ అక్క

గురువారం

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. కండక్టరు నా చేతికే ఇచ్చాడు, ఇచ్చి నేను చదివేదాకా కదల్లేదు. అలా చెయ్యమని నువ్వే చెప్పావట.

అక్కా, నీ త్యాగాన్ని సంఘం ఎప్పటికీ మరచిపోదు. కూడలి అయితే చుట్టుపక్కల రెండు పేటల వాళ్ళకీ నడక తగ్గుతుంది, బస్సు ఎదురుగానే ఆగుతుంది. నీ పెరట్లోకి రావాలంటే సందు ఇరుకు, ఇటుకల బండి తిరగదు. సంఘ పెద్దలు అన్నీ ఆలోచించారు. పందొమ్మిదేళ్ళు బరువు మోశావు, ఇకనైనా నీకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఆదివారం పొద్దున్నే లేచి ఊడ్చి, బెంచీలు సర్ది, అందరూ వెళ్ళాక మళ్ళీ ఊడ్చే పని ఉండదు కదా.

అంకెదేముంది. సంఘం నిర్ణయం సంఘం నిర్ణయమే. శంకుస్థాపన రోజు నువ్వే ముందు వరసలో కూర్చోవాలి.

ఆరోగ్యం చూసుకో. నీ మరదలు అడిగానని చెప్పమంది.

నీ తమ్ముడు

మంగళవారం

గౌరవనీయులైన పాస్టరు గారికి,

మీ అమూల్యమైన ఉత్తరం చేరినది. నాకు విశ్రాంతి ప్రసాదించదలచిన మీ దయకు కృతజ్ఞురాలిని. తమరు సూచించిన విధంగా

మీరు, తమరు అని రాయడం నా వల్ల కాదు. ఒరేయ్, నేను నిన్ను విశ్రాంతి అడిగానా? చీపురు నా చేతిలోంచి లాక్కుని, లాక్కున్నందుకు నన్ను సంతోషించమంటున్నావు. నేను అడిగింది ఒక్క అంకె. నువ్వు సందు ఇరుకనీ, బండి తిరగదనీ రెండు పేజీలు నీళ్ళు నమిలావు. మీ బావ శవపేటిక తిరిగిన సందులో ఇటుకల బండి తిరగదా?

నువ్వు చెప్పనంటే నాకు తెలుసుకునే దారి లేదనుకున్నావా? యూనిఫారాల పని పక్కన పడేసి, నోటుపుస్తకం తీసుకుని నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. గుమ్మంలో నిలబడి "ఎటు ఎత్తావు" అని సూటిగా అడిగాను. ఇస్త్రీ ఆయన మా పెరడుకే ఎత్తానన్నాడు. పాలాయన, ఆయన ఇంట్లో నలుగురూ నాకే ఎత్తామన్నారు. నడుం వంగిన పెద్దావిడ "నీకు కాక ఎవరికి ఎత్తుతానమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. నా నేస్తం పొడుగావిడ ఇంటికి అసలు వెళ్ళనే లేదు, దాన్ని అడగాల్సిన పని లేదు. మొదటి రోజు వచ్చిన పదకొండు మందిలో మొదటిది అది. మొత్తం తొంభై ఆరు మంది నాకు చెయ్యెత్తామని వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పారు. అందరి పేర్లూ నా పుస్తకంలో ఉన్నాయి.

తొంభై ఆరు చేతులు నీకు కనపడలేదంటే ఒకటే అర్థం. కూడలి స్థలం ఇచ్చింది ఎవరు? ఇటుకబట్టీ యజమాని. రాయి మీద ఆయన పేరు పడుతుంది, ఆయన పక్కన నువ్వు నిలబడి ఫొటో తీయించుకుంటావు. కుట్టుపని చేసుకునే అక్క పెరట్లో కడితే నీకేం గొప్ప? లెక్కపెట్టడం నీకు నేర్పింది నేను, వేళ్ళ మీద, అన్నం తినిపిస్తూ. ఆ లెక్కే నా దగ్గర తప్పు చెప్పావు. అబద్ధాలకోరువి. పాస్టరువైనంత మాత్రాన ఆ మాట తప్పిపోదు.

ఈ ఆదివారం తలుపుకి తాళం వేస్తున్నాను. నువ్వు వీధిలో నిలబడి, అందరి ముందూ అంకె చదివితే తీస్తాను. లేకపోతే లేదు.

తాళంచెవి కొంగుకి కట్టుకున్న

నీ అక్క

సోమవారం

అక్కా,

ప్రియమైన అని నేనూ రాయగలను. ఈరోజు రాయను.

నిన్న నీ గడప ముందు నూట యాభై మంది ఎండలో నిలబడ్డారు. నడుం వంగిన పెద్దావిడ నీ మెట్టు మీద కూలబడితే, నువ్వు లోపలి నుంచి చూసి కిటికీ రెక్క మూసేశావు. నేను చూశాను. పసిపిల్లలు ఏడుస్తున్నారు, తల్లులు కొంగులు కప్పి ఊపుతున్నారు. అరగంట చూసి అందరినీ కూడలికి తీసుకెళ్ళాను. పాటల పుస్తకాలు నీ అలమారాలో ఉండిపోయాయి. నోటికొచ్చిన పాటలే పాడుకుని, నేల మీద కూర్చుని ఆరాధన చేసుకున్నాం.

నువ్వు అంకె అడిగావు. తీసుకో. నీ పెరడుకి లేచినవి మూడు చేతులు.

ముందు గదిలో, వసారాలో కలిపి ఒకటి. లోపలి గదిలో రెండు. కూడలికి నూట నలభై ఎనిమిది. లోపలి రెండింట్లో ఒకటి నీదే అయ్యుంటుంది, నేను మా ఆవిడని అడగలేదు, అడిగినా చెప్పదు. అంటే నువ్వు కాక నీ ఇంటిని కోరుకున్నవాళ్ళు ఇద్దరు. ఇది గట్టిగా చదవమన్నావా? నువ్వు లోపలి గదిలో వాళ్ళ మధ్యన కూర్చుని ఉంటే చదవడానికి నాకు నోరు రాలేదు. నువ్వు నన్ను దొంగ అనుకుంటే అనుకున్నావులే, సంఘం మీద కోపం పెంచుకోకుండా నా ఒక్కడి మీదే పెంచుకుంటావులే అని ఊరుకున్నాను. నిన్న తాళం చూశాక ఆ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

తొంభై ఆరు మంది నీకే ఎత్తామన్నారా? అనక ఏం చేస్తారు? పెన్సిలు పట్టుకుని గుమ్మంలో నిలబడి నువ్వు అడిగితే నేనే నిజం చెప్పను. నాకు నలభై ఏడేళ్ళు. నాలుగు ఊళ్ళ సంఘాలు చూసుకుంటున్నాను. ఇప్పటికీ నీ ముందుకి రావాలంటే చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో తడుముకుని వస్తాను. వాళ్ళంతా నీకు భయపడి అబద్ధం ఆడారు. మన సంఘంలో అబద్ధాలు ఎవరు ఆడిస్తున్నారో నువ్వే చెప్పు.

ఎందుకు వెళ్ళిపోవాలనుకుంటున్నారో కూడా విను, ఎలాగూ మొదలుపెట్టాను. ఒకావిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే "నీ చీర అంచు ఊడింది, రేపు పట్టుకురా" అని అందరికీ వినపడేలా అంటావు. నీకది ప్రేమ. ఆవిడకి మళ్ళీ కళ్ళు మూసుకోవడం కుదరదు. ఇస్త్రీ ఆయన కూతురు మొగుణ్ణి వదిలి వచ్చేస్తే, మొదటి ఆదివారమే "ఎప్పుడు తిరిగి వెళ్తున్నావు" అని నిలబెట్టి అడిగావు. ఆ అమ్మాయి ఆరు నెలలుగా మొహం చూపించలేదు.

నీ పొడుగావిడ మొగుడు, ఆ బావులు తవ్వే మేస్త్రీ, పోయిన ఏడు ఒక ఆదివారం వచ్చాడు. తాగి ఉన్నాడు, కాళ్ళకి బురద ఉంది, ఒప్పుకుంటాను. ఇన్నేళ్ళలో మొదటిసారి వచ్చాడు. నువ్వు గుమ్మానికి అడ్డం నిలబడి "కడుక్కుని రా, నా గచ్చు పాడవుతుంది" అన్నావు. దేవుని మందిరం అనలేదక్కా, నా గచ్చు అన్నావు. అతను వెనక్కి తిరిగాడు, మళ్ళీ రాలేదు. నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను, నోరెత్తలేదు. ఆ రోజు నేను పాస్టరుని కాదు, అక్కకి భయపడే తమ్ముణ్ణి. నీ మీద ఉన్న కోపంలో సగం నా మీద నాకున్నదే.

ఇటుకబట్టీ ఆయన రాయి మీద తన పేరు వద్దని పెద్దలందరి ముందూ చెప్పాడు. పేరు అడిగింది మన సంఘంలో నువ్వొక్కదానివే.

తమ్ముడు

గురువారం

తమ్ముడికి,

ఉత్తరం అందింది. తాళం తీశాను. పాటల పుస్తకాలు పెద్దావిడ ఇంటికి చేర్చాను.

ఈ ఆదివారం నేను రాను. జ్వరమని చెప్పు. అబద్ధం కదా అంటావేమో, నిజం మింగెయ్యడం నీకు బాగా చేతనవును కదా.

అక్క

ఆదివారం సాయంత్రం

అక్కా,

జ్వరమని చెప్పలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగినవాళ్ళకి నాకు తెలీదని చెప్పాను.

నేను రాసిన తీరు తప్పు. రాసిన సంగతి తప్పని మాత్రం అనలేను. ఆ రెండూ వేరు చేసి రాయడానికి మూడు కాగితాలు చింపేశాను. వచ్చే శనివారం శంకుస్థాపన. దానికి ముందు బుధవారం నీ దగ్గరికి వస్తాను. తలుపు తియ్యకపోతే మెట్టు మీద కూర్చుంటాను. నువ్వు తిట్టు, నేను మధ్యలో ప్రార్థన చెయ్యను.

నీ తమ్ముడు

మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ,

బుధవారం నువ్వు రావద్దు. వస్తే ఏడుస్తావు, నిన్ను ఊరుకోబెట్టాల్సింది నేను. ఇప్పుడు నాకు ఆ ఓపిక లేదు.

నీ ఉత్తరం చదివిన రోజు నాకు ముందు నీ మీదే కోపం వచ్చింది. తర్వాత ఆ తొంభై ఆరు మంది మీద వచ్చింది. నా చెయ్యి పట్టుకుని మరీ అబద్ధం చెప్పిన పెద్దావిడ మీద ఇంకా ఎక్కువ వచ్చింది. నోటుపుస్తకం పొయ్యిలో పడేశాను. వరసగా మూడు రోజులు కుట్టిన కాలరు కుట్టినట్టే తిరగబడింది. ఆఖరికి మిషను కూడా నన్నే తిడుతున్నట్టనిపించి లేచి పొడుగావిడ ఇంటికి వెళ్ళాను. ఒక్క చెయ్యైనా నాకోసం లేచి ఉండాలి కదా, అది దానిదేనని తేల్చుకుందామని వెళ్ళాను.

అది పెరట్లో గిన్నెలు తోముతోంది. ఈసారి పుస్తకం లేదు, పెన్సిలు లేదు. పక్కన కూర్చుని ఒక గిన్నె అందుకుని తోమాను. అప్పుడు అడిగాను. అది తల ఎత్తలేదు. "మా ఆయన లోపలికి రాగలిగే చోటుకి ఎత్తాను" అంది. నేను ఏదో అనబోయాను. "పందొమ్మిదేళ్ళు మీ ఇంటికి వచ్చాను వదినా. వచ్చినప్పుడల్లా చెప్పులతో పాటు ఆయన్ని కూడా బయటే విడిచి వచ్చాను. ఇంక నా వల్ల కాదు" అంది. కోపంగా చెప్పి ఉంటే నాకు సులువుగా ఉండేది. అది గిన్నెలు కడిగి బోర్లిస్తూ మామూలుగా చెప్పింది.

మేస్త్రీ అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళ ఇంట్లో వాళ్ళ గచ్చు మీదే కాళ్ళు దులుపుకుని వెళ్ళాడురా. అది చూశాక ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలీదు.

నీ మీద కోపం పోలేదు. పోయిన ఏడు ఆ గుమ్మంలో నువ్వు "అక్కా, తప్పుకో" అని ఒక్క మాట అని ఉంటే నిన్ను అప్పుడే నాలుగు తిట్టి, సాయంత్రానికి తప్పుకునేదాన్ని. నాకు భయపడి నన్ను పాడుచేశావు. మీరందరూ కలిసి పాడుచేశారు. మీ బావ ఉన్నప్పుడు ఆయన ఒక్కడే నాకు ఎదురు చెప్పేవాడు. ఆయన పోయాక ఎవరూ చెప్పకపోతే, నేను చేసేదంతా ఒప్పే అనుకున్నాను. ఇప్పుడు ఒకేసారి నూట నలభై ఎనిమిది మంది కళ్ళు మూసుకుని చెప్పారు.

నీ లెక్కలో ఒక తప్పుంది, అది కూడా చెప్పాలి. లోపలి రెండు చేతుల్లో ఒకటి నాదే అయ్యుంటుందని రాశావు. నాది కాదురా. నేను ఎటూ ఎత్తలేదు. నా ఇంటికి నేనే చెయ్యెత్తుకుంటానా సిగ్గు లేకుండా? అంతమందీ ఎత్తుతారు, నాదెందుకులే అనుకుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గర్వంగానే కూర్చున్నాను. నీ భార్య చూసింది. చూసి, కట్టుకున్న నీకు కూడా చెప్పలేదు. దాని నోరు నాకుంటే మన మందిరం ఎక్కడ కట్టినా ఈ గొడవ ఉండేది కాదు.

కాబట్టి ఇద్దరు కాదు, ముగ్గురు. లోపల ఇద్దరు, బయట ఒకరు. నా నోరు తెలిసి, నా గచ్చు తెలిసి, నేను చూడనప్పుడు కూడా నా ఇల్లే కావాలనుకున్నారు. వాళ్ళెవరో నువ్వు కనుక్కోకు. ఒకవేళ తెలిసినా నాకు చెప్పకు. చెబితే ఆ ముగ్గురినీ నెత్తిన పెట్టుకుని, మిగతావాళ్ళని మునుపటికన్నా ఎక్కువ కాల్చుకు తింటాను. నా సంగతి నాకు తెలుసు. తెలియకుండా ఉంటేనే మంచిది. కానీ ఎంత కష్టంగా ఉందో నీకు అర్థం కాదు. ఎవరు ఎదురుపడినా, వీళ్ళేమోనని అనుమానం వస్తోంది. పాలాయన నిన్న గంట ఆలస్యంగా వస్తే నాలుగు మాటలు సిద్ధం చేసుకుని తలుపు తీశాను. బయటి చెయ్యి ఈయనదేమోనని గుర్తొచ్చి, గిన్నె అందించి లోపలికి వచ్చేశాను. ఆయన బెదిరిపోయి, నాకు ఒంట్లో ఎలా ఉందని పక్కింట్లో అడిగి వెళ్ళాడట. ముగ్గురి కోసం నూట అరవై మందితో మంచిగా ఉండాల్సి వస్తోంది. ఎన్నాళ్ళు సాగుతుందో నాకే నమ్మకం లేదు.

శనివారం కూడలికి వస్తాను. ముందు వరసలో కుర్చీ వెయ్యకు. ఆరోజు ఉదయం మేస్త్రీ ఇంటికి వెళ్ళి ఆయన్ని నేనే పిలుస్తాను. ఆయన తలుపు వేసుకుంటే ఆ మెట్టు మీద కాసేపు కూర్చుని వస్తాను. మీ బావ పేరు సంగతి ఇంక ఎత్తకు. ఆయన గోడ పడగొట్టినప్పుడు ఎక్కడా పేరు రాసుకోలేదు.

ఈరోజు పొద్దున ఇస్త్రీ ఆయన కూతురు సందులో ఎదురుపడింది. నన్ను చూసి తల దించుకుని గోడ వైపు జరిగింది. మొగుడి సంగతి నా నోటి చివరిదాకా వచ్చింది. లోపలి గదిలో ఆ రెండు చేతుల్లో ఒకటి దీనిదేమో అనిపించి ఆగిపోయాను. "బాగున్నావా తల్లీ" అన్నాను. "బాగానే ఉన్నాను పెద్దమ్మా" అంది, అని నా మొహం వైపు చూసింది. నేనే గోడ వైపు జరిగి దారి ఇచ్చాను. అది ఆరు నెలలుగా సంఘానికే రాలేదని, ఆ చెయ్యి దానిది అయ్యే వీలే లేదని ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది.

నీ అక్క